చూడటానికి వచ్చేవాళ్ళు

లారీ ముందు చక్రాలు కాటా ఇనప పలక మీదికి ఎక్కగానే ఆ చిన్న గది కిటికీ అద్దం గడగడా కొట్టుకుంది. పానకాలు ఎడమచేత్తో అద్దాన్ని అదిమిపట్టి, కుడిచేత్తో డ్రైవరును ఇంకాస్త ముందుకు రమ్మని సైగ చేశాడు. వెనక చక్రాలు కూడా ఎక్కాక పెట్టెలోని ఎర్ర అంకెలు కాసేపు పైకీ కిందికీ ఊగి నిలబడ్డాయి. అతను వాటిని వెంటనే చదవడు. క్లీనరు దిగాడో లేదో చూస్తాడు. రైతు దగ్గరకు వచ్చి నిలబడేదాకా ఆగుతాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటాడు. అప్పుడు గొంతు సవరించుకుని, రైతుకీ డ్రైవరుకీ లోపల గుమాస్తాకీ వినపడేలా తూకం చదువుతాడు.

చిలకలూరిపేట హైవే పక్క జిన్నింగు మిల్లులో పానకాలు కాటా మనిషి. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. పొడుగ్గా, ఎండిన మనిషి. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది. పొద్దున పదింటికల్లా కనుబొమల మీదా చెవుల మీదా పత్తి నూగు పేరుకుని ఇంకో పదేళ్ళు పెద్దవాడిలా కనపడతాడు. అతను సంపాదించుకున్నదంటూ ఏమైనా ఉంటే అది మాట. రైతులు అంకెలు చూడరు, పానకాలు నోరు చూస్తారు. పానకాలు చదివాడంటే ఇక బేరం లేదు, గొడవ లేదు. ఇన్నేళ్ళలో అతను యజమాని వైపు మొగ్గాడని గానీ రైతు వైపు మొగ్గాడని గానీ అన్నవాళ్ళు లేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం. కంచంలో కూర తక్కువైతే సర్దుకుంటాడు గానీ నలుగురిలో తక్కువైతే మాత్రం తట్టుకోలేడు. అక్కడే వచ్చింది చిక్కంతా.

లారీ కదిలాక కోటేష్ కాటా గది గడప మీద చతికిలబడ్డాడు. మిల్లులో బోరేలు, అంటే పత్తి బస్తాలు, దించే హమాలీ, ముప్పయ్యేళ్ళవాడు, ఇద్దరు పిల్లలు. నడుం మీద చెయ్యేసుకుని మూలుగుతున్నాడు.

"ఏందిరా?" అన్నాడు పానకాలు.

"నిన్న పత్తి బోరెం జారి నడుం మీద పడింది బాబాయ్. రాత్రంతా నిద్ర లేదు."

"గుంటూరు పోయి చూపించుకోరాదూ?"

"ఎవడు పెడతాడు డబ్బులు? ఆ వీరబాబు పాలసీ ఉన్నన్నాళ్ళూ ధైర్యంగా ఉండేది. నువ్వు చెప్పావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ ఏడూ కట్టి మునిగేవాణ్ణి." కోటేష్ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు. నిజంగానే పానకాలు తనకు మేలు చేశాడనుకుంటున్నాడు.

పానకాలు కిటికీ వైపు తిరిగి, తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

వీరబాబు ఇన్సూరెన్సు ఏజెంటు. పానకాలు వాళ్ళ వీధివాడే. రెండేళ్ళ కిందట ఇంటికొచ్చి చాప మీద కూర్చుని చెప్పాడు. ఏదో లెక్కలో తెల్లకార్డు పోయింది కాబట్టి సర్కారు పథకం మీకు రాదు, రేపు ఏదన్నా వస్తే ఆసుపత్రి వాళ్ళు అడిగినంతా మీ చేతినుంచే పెట్టాలి. "జబ్బు రాకుండా ఆపటం నా వల్ల కాదు బాబాయ్. వచ్చినప్పుడు మీ జేబు చుట్టూ ఒక గట్టు వేసి పెడతా. ఆ గట్టు దాటి మీ డబ్బు పోకూడదు, అంతే." పొలం చేసిన ఇల్లు కాబట్టి గట్టు మాట వెంకటేశ్వరమ్మకు వెంటనే అర్థమైంది. ఆమే ముందు సరేనంది. పానకాలు ఫోను అప్పుడు పాడై ఉంటే ఇద్దరికీ కలిపి పాలసీ ఆమె పేరు మీదే రాసి, ఆమె నంబరే ఇచ్చారు.

కార్తీకంలో ఆమెకు జ్వరం పట్టుకుంది. పెళ్ళయిన నాటినుంచీ ప్రతి వేసవీ మిరపకాయల తొడిమలు తీసిన మనిషి, దగ్గు ఆమెకు చుట్టంలాంటిది. ఈసారి మాత్రం ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టిందన్నారు, ఆపరేషన్ అన్నారు. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. పాలసీ ప్రకారం మూడు మంచాల గది వచ్చింది. పక్క మంచం మీద పిడుగురాళ్ల నుంచి వచ్చిన మాబూబీ ఉండేది. ఆమె మొగుడిది సున్నపు బట్టీల పని. ఆమెకీ ఊపిరితిత్తే. డొక్కలోంచి దిగిన గొట్టాల్నీ, మంచం కింద సీసాల్నీ ఒకరికొకరు చూపించుకుని ఇద్దరాడవాళ్ళూ నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నొప్పి, నొప్పికి మళ్ళీ నవ్వు. పానకాలుకు అది వింతగా ఉండేది. ఇంట్లో ఆమె అంతలా నవ్వగా అతను చూడలేదు.

నాలుగో రోజు కూతురు హేమశ్రీ ఫోను చేసింది. సాయంత్రం మా మామగారు వాళ్ళు అమ్మను చూడటానికి వస్తున్నారు నాన్నా అని.

వియ్యంకుడు జయరావుకు గుంటూరు మిర్చి యార్డులో కొట్టు ఉంది, కారు ఉంది. పానకాలు ఫోను పెట్టేసి గదంతా ఒకసారి కలయచూశాడు. చిరిగిన ఆకుపచ్చ తెర, మంచాల కింద బేసిన్లు, నేలమీద కాగితం పరుచుకుని అన్నం తింటున్న మాబూబీ తాలూకు వాళ్ళు. పొద్దుటిదాకా కనపడనివన్నీ ఇప్పుడు కనపడ్డాయి. మన వైపు మనిషిని చూడటానికి రావడమంటే జబ్బునొక్కదాన్నే చూసి పోవడం కాదు కదా. గది చూస్తారు, మంచం చూస్తారు, బల్ల మీద ఎవరు తెచ్చిన పళ్ళున్నాయో చూస్తారు. ఇంటికెళ్ళి చెప్పుకుంటారు.

గంటలో వెంకటేశ్వరమ్మ మంచం పై అంతస్తులో ఏసీ గదికి మారింది. "ఎందుకయ్యా, ఇక్కడ బానే ఉందిగా" అంటూనే ఉంది. మాబూబీ చెయ్యి పట్టుకుని ఉంటే నర్సు విడిపించాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో ఇన్సూరెన్సు బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి తేజశ్రీ పరిగెత్తినట్టు మెట్లెక్కి వచ్చి, ఆ కొత్త గది గుమ్మంలోనే అతన్ని పట్టుకుంది.

"బాబాయ్ గారూ, మీ పాలసీకి ఈ గది రాదండి. ఇందులో ఉంటే అద్దె తేడా ఒక్కటే మీ మీద పడుతుందనుకోవద్దు. ఆపరేషను, డాక్టరు గారి ఫీజు, అన్నిట్లోనూ అదే లెక్కన కోసేస్తారు. కిందే ఉంటే మీరు కట్టాల్సింది దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడైతే సగం మీరే కట్టుకోవాలండి."

ఆ పిల్ల ఇంకోసారి, నిదానంగా, అదే మాట చెప్పింది. చిన్నపిల్లయినా ఓపిగ్గా చెప్పింది. పానకాలు ఆమె భుజం మీదుగా కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. తెల్ల కారు గేటులోకి తిరుగుతోంది.

"ఏం కాదులే పాపా" అని ఆమె చూపించిన చోట సంతకం పెట్టాడు.

జయరావు వచ్చి పది నిమిషాలు కూర్చున్నాడు. బత్తాయిల సంచీ, బ్రెడ్డు పొట్లం బల్ల మీద పెట్టాడు. గది నాలుగు మూలలా చూశాడు. "ఎందుకు బావగారూ ఇంత గది? నిరుడు మా అమ్మకు కాలు విరిగితే జనరల్ వార్డులోనే ఉంచాం. చుట్టూ మనుషులుంటారు, ముసలామెకు పొద్దుపోయేది" అన్నాడు. ఎత్తిపొడుపుగా ఏం కాదు, మామూలుగానే అన్నాడు. పానకాలు మొహం మాత్రం మాడిపోయింది.

వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కిందికి దించమనొచ్చు. రేపు మిల్లు గుమాస్తా వస్తానన్నాడు, ఎల్లుండి హమాలీలు వస్తామన్నారు. పై గదిలో ఉందని వాళ్ళకు అప్పుడే చెప్పేశాడు కూడా. దించలేదు. వెంకటేశ్వరమ్మ ఆ చలిగదిలో తలదాకా శాలువా కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది. ఒకరోజు మాబూబీ సీసా చేత్తో పట్టుకుని, మెట్లెక్కి, చూడటానికి వచ్చిందట. కింది పేషెంట్లు పైకి రాకూడదని కాపలావాడు మెట్ల దగ్గరే తిప్పి పంపేశాడు. ఆ సంగతి ఆయా చెప్తే తెలిసింది.

ఇంటికొచ్చే రోజు సగం బిల్లు చేతికొచ్చింది. వెంకటేశ్వరమ్మ బంగారు గాజులు వెళ్ళిపోయాయి.

మిల్లులో అందరూ చుట్టూ చేరి అడిగారు, పాలసీ ఉందన్నావుగా బాబాయ్, గాజులెందుకు పోయాయని. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు. ఇంతమందిలో, వియ్యంకుడి ముందు డాబు కోసం భార్య గాజులు పోగొట్టానని ఎట్లా చెప్పడం? "మోసంరా. కట్టించుకునేటప్పుడొక మాట, ఇచ్చేటప్పుడొక మాట. వీరబాబు ముంచాడు. నేనింక ఒక్క రూపాయి కట్టను" అన్నాడు. లారీ తూకం చదివే గొంతుతోనే అన్నాడు. ఎవరూ మారు అడగలేదు. నెల తిరక్కుండా మిల్లులో వీరబాబు దగ్గర కట్టేవాళ్ళందరూ మానేశారు. మిల్లు గేటు దగ్గర అతని స్కూటరు కనపడటం కూడా మానేసింది.

ఇప్పుడు ఆ పాలసీ మళ్ళీ కట్టే గడువు దాటింది. గడువు దాటాక ఇచ్చే నెల రోజులూ ఇవాళ్టితో సరి. కట్టకపోతే వెంకటేశ్వరమ్మకు ఆ గట్టు ఉండదు. ఆమె ఊపిరితిత్తి మళ్ళీ తిరగబెట్టే అవకాశం ఉందని, దుమ్ముకు దూరంగా ఉండాలని డాక్టరు చెప్పాడు. ఆమె మాత్రం సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ మూతికి గుడ్డ కట్టుకుని కోల్డ్ స్టోరేజీ దగ్గర తొడిమలు తీయడానికి వెళ్తూనే ఉంది. వద్దని పానకాలు ఒకసారి అన్నాడు. గట్టిగా అనడానికి అతనికి మొహం చెల్లలేదు.

మధ్యాహ్నం క్యారియరు విప్పాడు. వంకాయ కూర, మజ్జిగ. ఎప్పుడూ లేనిది, కింది గిన్నెలో రెండు పూటలకు సరిపడా పచ్చడి పెట్టింది. నాలుగు ముద్దలు తిని మూత పెట్టేశాడు. గుమాస్తా దగ్గర అడ్వాన్సు తీసుకుని, పంటి నొప్పని చెప్పి, రెండు లారీలు ఉండగానే బయల్దేరాడు. హైవే మీదుగా వెళ్తే ఎవరైనా చూస్తారని స్పిన్నింగు మిల్లు వెనక సందులో పడ్డాడు. అటు చుట్టు తిరుగుడే, అయినా అటే నడిచాడు.

వీరబాబు బస్టాండు పక్కన జిరాక్సు కొట్టులో జీతానికి కూర్చుంటున్నాడు. పానకాలును చూడగానే లేచి స్టూలు తుడిచాడు.

"రండి బాబాయ్. కూర్చోండి."

ఒక్క విసురు మాట అన్నా పానకాలుకు తేలికయ్యేది. వీరబాబు టీ చెప్పాడు. గ్లాసు చేతికొచ్చింది. పానకాలు జేబులోంచి డబ్బు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇయ్యాళ ఆఖరు రోజంటగా. కట్టేద్దామని."

వీరబాబు డబ్బు వైపు చూడలేదు. జిరాక్సు మిషను మూత తీసి మళ్ళీ మూశాడు.

"పిన్ని పోయిన వారమే కట్టేసింది బాబాయ్."

"ఆమె కట్టిందా? యాడివి డబ్బులు?"

"తొడిమల డబ్బులంట. ఇద్దరికీ కలిపి చాల్లేదు. నీకు ఆపరేషనైంది కాబట్టి నీ పేరే ముందుండాల పిన్నీ, మిగిలింది నేను చూసుకుంటా అని మొత్తుకున్నా. వినలేదు. తన పేరు తీయించేసి, మీ ఒక్కరికే కట్టింది. లారీల మధ్య తిరిగే మనిషి, ఆయనకుండాల అంది."

పానకాలు టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"మళ్ళీ రాయించు. ఆమె పేరు మళ్ళీ రాయించరా."

"అడిగి చూశా బాబాయ్. కొత్తగా చేరినట్టే లెక్కంట. ఆ ఊపిరితిత్తుల జబ్బుకి మూడేళ్ళు ఆగితేగానీ ఇవ్వరంట."

కొట్టులో ఎవరో పిల్లలు హాల్ టిక్కెట్ల కాపీల కోసం వచ్చారు. వీరబాబు వాళ్ళకు కాపీలు తీసిచ్చి పంపేదాకా పానకాలు నేల చూస్తూ కూర్చున్నాడు. నీ గురించి మిల్లులో అట్లా చెప్పాను అనాలి. అనడానికే గదా కూర్చున్నది. వీరబాబే ముందన్నాడు.

"పిన్నికి అంతా తెలుసు బాబాయ్. ఆసుపత్రిలో ఆ పాప మీకు గుమ్మంలో చెప్పేటప్పుడు మెలకువగానే ఉందంట. మిల్లులో మాటలు నా చెవిన పడి నేను మీ దగ్గరికి వస్తంటే, దారిలో ఆపి ఒట్టేయించుకుంది. ఆయన నలుగురిలో చిన్నబోతే బతకలేడు, నువ్వు కుర్రోడివి, తట్టుకోరా నాయనా అంది." వీరబాబు బల్ల మీది కాగితాలు సర్దాడు. "తట్టుకున్నా. కానీ కష్టంగానే ఉంది బాబాయ్, అబద్ధం ఎందుకు?"

పానకాలు డబ్బు తీసి జేబులో పెట్టుకున్నాడు. క్షమించమనే మాట గొంతుదాకా వచ్చింది. "టీ బాగుంది" అని లేచాడు. సందులో నడుస్తుంటే ఆ టీ మాట గుర్తొచ్చి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఇంటి దగ్గర కోటేష్ మోటారుసైకిలు ఆగి ఉంది. అతను వీధి చివర్లోనే ఉంటాడు. వెంకటేశ్వరమ్మ ముతక జరీ అంచు చీర కట్టుకుని, తల దువ్వుకుని అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన సంచీ. ఆపరేషన్ తర్వాత ఆమె భుజాలు ఒక పక్కకు ఒరిగాయి. మెడ దగ్గర ఎముకలు బయటికొచ్చాయి. కళ్ళు మాత్రం అదే పెళ్ళినాటి కళ్ళు, నెమ్మదైనవి.

"కనిగిరి పోతన్నానయ్యా. మా తమ్ముడు యలమంద రమ్మన్నాడు. సందేళ బస్సుకి. నీకు చెప్దామనే చూస్తన్నా."

"ఎన్ని రోజులు?"

"పోయి చూస్తా."

సంచీలోంచి ఆసుపత్రి ఎక్స్‌రే ఫోటోల పెద్ద కవరు బయటికి పొడుచుకొచ్చి ఉంది. పక్కనే శాలువా. నాలుగు రోజులకు వెళ్ళే మనిషి ఎండాకాలం ముంగిట శాలువా పెట్టుకోదు. పానకాలు అది చూశాడు.

సంచీ కోటేష్ బండి మీద పెట్టి, వాళ్ళిద్దరూ నడిచారు. హైవే మీద మిర్చి లారీలు పోతున్నాయి. ఒక్కో లారీ దాటినప్పుడల్లా ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆగింది. పానకాలు కూడా ఆగాడు. బస్టాండులో కోటేష్ సీటుకు రుమాలు వేయడానికి నడుం పట్టుకునే ముందు వెళ్ళాడు. ఇద్దరే మిగిలారు.

"ఆ గది సంగతి..." అన్నాడు పానకాలు.

"తెలుసులేవయ్యా."

"అప్పుడు నేను..."

"నువ్వేదో గొప్పకు పోయావు. నా కోసమే గదా అనుకున్నా మొదట్లో." ఆమె మాట్లాడటానికి ఊపిరి కూడదీసుకుంది. గొంతులో కోపం లేదు. "మళ్ళీ జబ్బొస్తే ఈసారి సర్కారు ఆసుపత్రేనయ్యా. నేను ఎట్టాగో ఉంటా. నువ్వుండలేవు. వచ్చిన ప్రతివాళ్ళకీ నువ్వేం చెప్పుకుంటావు? కనిగిరిలో అయితే నన్ను చూట్టానికి వచ్చేవాళ్ళెవరూ ఉండరు."

ఉండిపో అనాలి. ఏ వార్డులోనైనా నీ మంచం పక్క నేలమీద కూర్చుంటాను, ఎవరొచ్చినా సరే అనాలి. అనగలిగితే ఆమె ఉండేదేమో. కోటేష్ కిటికీలోంచి తల బయటపెట్టి, రా పిన్నీ, సీటు దొరికిందని కేకేశాడు. ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టి, కడ్డీ పట్టుకుని కాసేపు ఆయాసం తీర్చుకుని, లోపలికి వెళ్ళింది. కిటికీ దగ్గర కూర్చుని ఇంట్లో పెట్టిన పచ్చడి రెండు రోజులొస్తుందని చెప్పింది. బస్సు కదిలింది. ఆమె చెయ్యి ఊపలేదు, అలవాటు లేదు. మలుపు తిరిగేదాకా తల ఇటే ఉంది.

కోటేష్ నడుం పట్టుకుని వంకరగా నడుస్తూ దగ్గరికొచ్చాడు.

"ఉన్నట్టుండి పిన్ని పోతందేంది బాబాయ్?"

పానకాలు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ పక్క గాలి మంచిదంటగా. నేనే పంపించా."

తడబాటు లేకుండా, లారీ తూకం చదివినంత నిబ్బరంగా వచ్చింది మాట. "మంచి పని చేశావు బాబాయ్" అన్నాడు కోటేష్. నమ్మాడు. పానకాలు చదివితే నమ్మని మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

ఇంటికొచ్చి తలుపు తీసి లైటు వేశాడు. పొయ్యి తుడిచి ఉంది, బిందెల నిండా నీళ్ళున్నాయి. గోడ వారగా, ఆమె తొడిమలు తీయడానికి రోజూ పట్టుకెళ్ళే చెక్కపీట. దాని మీద మూతికి కట్టుకునే గుడ్డ, ఉతికి, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఊపిరి తగిలే చోట కారపు ఎరుపు అట్లాగే ఉంది. మడతలు విడిపోకుండా దానికి పిన్నీసు కూడా గుచ్చి పెట్టింది.